మూలకు వచ్చిన సీసా

ఆ ఎండాకాలం మా ఇంట్లో పగలకుండా మిగిలిన వస్తువులు తక్కువ. ముందు స్నానాల గది అద్దం పోయింది. తర్వాత వంటగది తలుపు చెక్క. ఆ తర్వాత ఫ్రిజ్. దాన్ని పగలగొట్టడం అంత తేలిక కాదు గాని, మా ఆయన గుద్దిన చోట సొట్టపడి తలుపు సరిగ్గా మూసుకోవడం మానేసింది. ఫ్రిజ్ మీద ఆయనకి వేరే పగ ఉంది. కీమోలో ఎక్కించే మందు వల్ల చల్లటిది ఏది ముట్టుకున్నా వేళ్ళలో సూదులు దిగినట్టుండేది. చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసేది. ఎవడి దెబ్బకీ వెనకడుగు వెయ్యని మనిషి పాలగిన్నెను చూసి చెయ్యి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అది ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆయన బాక్సింగ్ మాస్టారు. ఒక రేకుల షెడ్డులో నేర్పేవాడు. ఆ షెడ్డు వెనక రెండు గదుల్లో మా కాపురం. మధ్యన ఒకటే గోడ. నేను రెక్సిన్ కుడతాను. లారీల సీట్లు, బస్సుల సీట్లు, వీళ్ళు గుద్దే సంచులు. వాళ్ళు చింపుతారు, నేను కుడతాను, మా సంసారం అలా సాగిపోయింది. పొద్దునా సాయంత్రం గోడ అవతల ధబధబమని చప్పుడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి కాఫీ ఒంటిమీద పోసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది.

పెద్దపేగులో గడ్డ. కోసి తీసేశారు. మిగిలిపోయిందేమైనా ఉంటే చంపడానికి కీమో మొదలుపెట్టారు. మొదటి రెండు సార్లూ వాంతులు, నీరసం, తిట్లు తప్ప ఇంకేమీ జరగలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసేసింది. ఆవిడ పొట్టి మనిషి. ముఖ్యమైన మాట ఏదైనా రెండుసార్లు చెప్పే అలవాటు.

"లివర్ బాగా దెబ్బ తింటోంది. ఈ వారం మందు ఎక్కించను. ఎక్కించను."

"ఎందుకు తింటోంది?" అన్నాను.

"అదే నేను మిమ్మల్ని అడగాలి. తాగుతారా ఈయన?"

"జన్మలో ముట్టుకోలేదు," అన్నాడు మా ఆయన.

"పౌడర్లు, ఆకు మందులు, బలం మాత్రలు, విటమిన్లు? ఎవరో మంచిదని చెప్పి ఇచ్చినవి?"

"లేవు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇంట్లో ఆయన నోట్లోకి వెళ్ళే ప్రతి మెతుకూ నా చేతి మీదుగానే వెళుతుంది. నేను లేవనే చెప్పాను, నాకు తెలిసినంతలో అది నిజం.

"అయితే ఆగి చూద్దాం. మీకు గడ్డ తీసేశారు గాని, మందు మధ్యలో ఆపేస్తే ఆ గడ్డ తిరిగి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నాకు ఆపాలని లేదు."

ఆ రోజే అద్దం పోయింది. నేను గాజుముక్కలు ఊడుస్తుంటే ఆయన మంచం మీద కూర్చుని పిడికిలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"తాగుతానా అని అడిగింది నన్ను."

"అడగడం ఆవిడ పని. అద్దం ఏం చేసింది మిమ్మల్ని?"

"నా మొహం చూపించింది."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. అంతలోనే వాంతి వచ్చింది, ఇద్దరం పరిగెత్తాం.

*

జబ్బు వచ్చాక కూడా ఆయన షెడ్డుకు వెళ్ళడం మానలేదు. రింగు మూలలో ఇనుప స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆటగాడు రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం కూర్చునే స్టూలు అది. ఇప్పుడు ఆయన గంటల తరబడి దానిమీదే. అరవడానికి ఓపిక లేక చేతికర్రతో తాళ్ళను కొట్టేవాడు. ఆ ఎండాకాలం ఆయన నేర్పిన తీరు చూసినవాళ్ళు నేర్పడం అనరు. ఇద్దర్ని రింగులోకి దించి, ఒకడి ముక్కు పగిలేదాకా ఆపేవాడు కాదు. "కొట్టరా! దాన్ని లోపలికంటా కొట్టు!" అనేవాడు. దేన్ని అని ఎవరూ అడగలేదు. తన కడుపులో ఉన్నదాన్ని వాళ్ళ చేత కొట్టించుకుంటున్నాడని నాకు అర్థమయింది. చాపల మీద రక్తపు చుక్కలు ఎండి నల్లబడేవి, వాటిని కడిగేదాన్ని నేను.

శిష్యుల్లో ఇద్దరు ముఖ్యులు. ఒకణ్ణి అందరూ బీరువా అంటారు. మనిషి అంత వెడల్పు, గోదాములో బస్తాలు మోస్తాడు, గుద్దితే ఇసుకసంచి కుట్లు ఊడిపోతాయి. రెండోవాడు పుర్రచెయ్యి, వెల్డింగ్ పని చేస్తాడు. వాడి ఎడమ గుద్దు ఎటునుంచి వస్తుందో తగిలేదాకా తెలియదు. ఇద్దరూ మాస్టారంటే ప్రాణం పెడతారు. ఆయన ఒంటిమీద ఈగ వాలితే ఈగ చుట్టాలను కూడా వెతికి కొట్టే రకం.

మూడో మనిషి మా మరిది. అతను మూల మనిషి. పోటీ జరిగేటప్పుడు మూలలో నిలబడి, చిట్లిన కనుబొమకి వాజలైన్ పూసి రక్తం ఆపడం, ముక్కులో దూది పెట్టడం, నోటికి సీసా అందించడం అతని పని. ఒకప్పుడు అతనూ ఆడినవాడే. ఒక పెద్ద పోటీలో అతను చావుదెబ్బలు తింటుంటే చూడలేక మా ఆయనే తువ్వాలు రింగులోకి విసిరి ఆట ఆపించేశాడు. "ఇంకొక్క నిమిషం ఆగితే నేనే గెలిచేవాణ్ణి," అని మా మరిది ఆ తర్వాత చాలాకాలం అన్నతో మాట్లాడలేదు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. రాజీపడి మళ్ళీ మూలలో నిలబడ్డాడన్న సంగతి మాత్రం ఎవరికీ అంత గుర్తుండదు.

ఇక మూల గురించి ఆయనకో సూత్రం ఉంది. మూలకు వచ్చిన సీసాని అడగకూడదు. మనవాడు నోటికి అందిస్తే తాగాలి, పుక్కిలించాలి, ఉమ్మాలి, లేచి వెళ్ళి కొట్టాలి. కొత్తగా చేరిన కుర్రాడొకడు "ఇందులో ఏముంది మాస్టారూ?" అని అడిగినందుకు వాడి చెంప పగలగొట్టడం నేను చూశాను. "మూలని నమ్మలేనోడు రింగెక్కొద్దు!" అన్నాడు అప్పుడు.

ఆ ఎండాకాలం ఆయన స్టూలు మీద కూర్చున్నాడు కాబట్టి వాళ్ళ లెక్కలో ఆట ఆడుతున్నవాడు ఆయనే. "మాస్టారు బౌట్‌లో ఉన్నారమ్మా," అనేవాడు బీరువా నాతో, గొంతు తగ్గించి. అందరూ పోటీలుపడి ఆయన మూల మనుషులయ్యారు. ఒకడు విసిరేవాడు, ఒకడు కాళ్ళు పట్టేవాడు, ఒకడు సీసా అందించేవాడు. చల్లటివి పనికిరావు గనక గోరువెచ్చటి నీళ్ళతో ఆయనకొక స్టీలు సీసా ఉండేది, పొరపాటున ఎవరూ తాగకుండా మెడకి ఎర్ర టేపు చుట్టి. దాన్ని నింపేది మా మరిది. ఎవరందించినా ఆయన తలెత్తకుండా గటగటా తాగేసి మూతి తుడుచుకునేవాడు. నేను అది చూసి, పోన్లే, నీళ్ళయినా సరిగ్గా తాగుతున్నాడని సంతోషపడ్డాను.

*

మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి డాక్టరమ్మ కళ్ళజోడు తీయలేదు, కాగితం మీంచి తలెత్తలేదు.

"కీమో ఆపి ఇన్నాళ్ళయింది. తగ్గాలి. ఇంకా పెరిగింది. ఇలాగే ఉంటే నేనీ మందు పూర్తిగా మానెయ్యాలి. దీనంత బాగా పనిచేసేది నా దగ్గర ఇంకోటి లేదు." ఆగి, మళ్ళీ అంది. "లేదు."

బయటికి వచ్చాక ఎండలో ఆయన కళ్ళు చూశాను. తెల్లగుడ్డు పచ్చబడింది.

ఇంటికి వచ్చి ఆయన్ని పడుకోబెట్టి, ఇల్లంతా తిరగేశాను. ఉప్పు, నూనె, పాలు, సబ్బు, ఆఖరికి దోమల మందు కూడా వాసన చూశాను. ఏమీ లేదు. నీళ్ళు పట్టి ఇద్దామని, షెడ్డు నుంచి తెచ్చుకున్న ఆయన సీసా తీశాను. అడుగున కొంచెం మిగిలి ఉంటే, కడిగేముందు ఎందుకో ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ముందు చేదు. తర్వాత వగరు. మింగాక గొంతులో మట్టి వాసన.

మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఇందులో ఏం కలుపుతున్నారు?"

"నీళ్ళే."

"చేదుగా ఉందండీ."

"ఆ మందుకి నా నోరే చేదు. నా ఎంగిలి తాగితే నీకూ చేదే. మామూలు నీళ్ళే. పడుకోనీ నన్ను." గోడవైపు తిరిగిపోయాడు.

ఆయన మాట నమ్మాలనే ఉంది. నా నాలుక నమ్మనివ్వలేదు. సీసా పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండకి రేకులు కాలిపోతున్నాయి, పదిమందీ సంచుల మీద పడి బాదుతున్నారు.

"ఆపండి!" అని అరిచాను. "మాస్టారి సీసాలో నీళ్ళు చేదుగా ఉన్నాయి, ఏదో కలుస్తోంది. ఆయన లివర్ పాడైపోతోంది. ఇంకోసారి ఇలాగే ఉంటే కీమో ఆపేస్తారంట. ఎవరు కలుపుతున్నారు?"

చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఊగుతున్న సంచుల గొలుసులు మాత్రం కిర్రుమంటున్నాయి. ఒకడు నేల చూశాడు, ఒకడు పిడికిలికి చుట్టిన గుడ్డ సర్దుకున్నాడు. అప్పుడు పుర్రచెయ్యి అన్నాడు:

"సీసా నింపేది ఎవరో మీకు తెలుసుగా అమ్మా."

అన్ని తలలూ మా మరిది వైపు తిరిగాయి. అతను రింగులో మోకాళ్ళ మీద కూర్చుని చాపలు తుడుస్తున్నాడు.

"నీళ్ళు పోస్తాను. గోరువెచ్చగా చేసి," అన్నాడు.

"నీళ్ళు చేదుగా ఎందుకుంటాయి?" అన్నాడు బీరువా తాళ్ళ కింద నుంచి లోపలికి దూరుతూ.

మా మరిది వెంటనే జవాబు చెప్పి ఉంటే ఎలా ఉండేదో. చెప్పలేదు. నావైపు చూశాడు, గుటక మింగాడు. ఆ గుటక చాలింది వాళ్ళకి.

"తువ్వాలు విసిరాడని ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నావా?"

"ఒరేయ్, నా అన్నరా..."

బీరువా మొదటి గుద్దు పొట్టలో పడింది. మనిషి మడతపడ్డాడు. లేవనెత్తి మూలకు నెట్టారు. చేతులకి గ్లవుజులు లేవు, గుడ్డ చుట్టిన పిడికిళ్ళే. మూల స్తంభానికి వీపు ఆనింది, తప్పుకునే దారి లేదు, పడిపోదామన్నా తాళ్ళు పడనివ్వలేదు. ఒకడి తర్వాత ఒకడు వచ్చి కొడుతున్నారు. తల, డొక్క, తల, డొక్క, సంచిని కొట్టే వరసే. పెదవి చిట్లింది, ముక్కు ఒక పక్కకి ఒరిగింది. అతను చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని "వినండ్రా, వినండ్రా" అంటూనే ఉన్నాడు. నేను తాళ్ళలోంచి దూరి బీరువా వీపు మీద పడ్డాను. ఎవడి మోచెయ్యో వచ్చి నా నోటికి తగిలింది. నోరంతా ఉప్పగా అయింది, వెనక్కి పడ్డాను. పడినచోటు నుంచి చూశాను. పడింది ఎవరో చూద్దామన్నట్టు మా మరిది ఒక చెయ్యి దించాడు. అప్పుడే పుర్రచెయ్యి ఎడమ గుద్దు వచ్చింది. తడిసిన గుడ్డని రాతి మీద వేసి కొట్టిన చప్పుడు. మా మరిది అరుపు మనిషి అరుపులా లేదు.

అరిస్తే వాళ్ళు వినరని అప్పటికి నాకు తెలిసిపోయింది. పాకుతూ వెళ్ళి రౌండు గంట తాడు పట్టుకుని లాగాను. ఖంగున మోగింది.

ఆగిపోయారు. అందరూ ఒక్కసారిగా చేతులు దించి వెనక్కి అడుగు వేశారు. కోపం తగ్గి కాదు, గంట మోగితే చేతులు దించడం వాళ్ళ ఒంటికి అలవాటు. రొప్పుతూ, తమ చేతుల్ని తామే చూసుకుంటూ నిలబడ్డారు. మా మరిది స్తంభం మీంచి జారి స్టూలు పక్కన కూలబడ్డాడు. ఎడమకన్ను ఉండవలసిన చోట కన్ను కనబడలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. మా ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ దెబ్బలన్నీ గోడ అవతల నుంచి విన్నాడు. ఆ ఇంట్లో దెబ్బలు వినబడితే ఎవరు కంగారుపడతారు?

"రౌండ్ అయిపోయిందా?" అన్నాడు. తర్వాత చూశాడు.

*

ఆసుపత్రికి వెళ్ళే దారంతా మా మరిది తల నా ఒళ్ళో ఉంది. నా చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కాయి.

"వదినా," అన్నాడు. పళ్ళ మధ్య నుంచి మాట ఈల వేసినట్టు వస్తోంది. "లివర్‌కి మంచిదని ఒకాయన ఆకు చుక్కలిచ్చాడు. రోజూ కాసిని వేశాను. అంతే వదినా. ఒట్టు. అన్నకి బలమొస్తుందనే."

"మాట్లాడకు."

"చుక్కలు తియ్యగా ఉంటాయి వదినా. చేదు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అతని జేబులోని చుక్కల సీసా తీసి నాలుక మీద వేసుకున్నాను, తియ్యగానే ఉన్నాయి.

డాక్టర్లు అడిగితే ప్రాక్టీసులో తగిలిందని చెప్పాడు. ఎవరిదీ పేరెత్తలేదు. కంటికి ఆపరేషన్ చేశారు. మళ్ళీ చెయ్యాలన్నారు.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, మూలలో ఉండే ఉమ్మి బకెట్ కడిగి, దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు. ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కడూ నా మొహం చూడలేదు.

"నిన్న మీరు కొట్టినవాడు వేసినవి ఇవి," అని చుక్కల సీసా బకెట్లో వేశాను. "తియ్యగా ఉన్నాయి. చేదు ఎవరిది? వగరు ఎవరిది? నాకు పేర్లు అక్కర్లేదు. తెచ్చి ఇందులో పడెయ్యండి. డాక్టరమ్మకి చూపించాలి, మీ మాస్టారు బతకాలంటే."

ముందు బీరువా కదిలాడు. గోడకి వేలాడుతున్న తన సంచిలోంచి ఒక డబ్బా తీసి, వంగి, చప్పుడు కాకుండా బకెట్లో పెట్టాడు. గ్రీన్ టీ సారం మాత్రలు. కొవ్వు కరగడానికి తను వేసుకునేవి. మాత్ర గొట్టం విప్పి లోపలి పొడి సీసాలో కలిపేవాడట. "విషాలన్నీ కడిగేస్తుందని రాశారమ్మా దానిమీద," అన్నాడు. అంత మనిషి భుజాలు ఎగిరెగిరిపడుతుంటే ఏడుస్తున్నాడని నాకు కాసేపటికి గాని తెలియలేదు. తర్వాత ఒకడు పసుపు మాత్రలు వేశాడు. ఒకడు విటమిన్ల డబ్బా, గుర్రాలకి సరిపోయేంతది. ఒకడు పేరు లేని పొట్లం, మట్టి రంగు పొడి. పుర్రచెయ్యి అవే పసుపు మాత్రలవి రెండు డబ్బాలు వేశాడు. ఒకటి సగం ఖాళీ, ఒకటి పూర్తిగా ఖాళీ.

ఎవడికి వాడు తనొక్కడే అనుకున్నాడు. ఎవడికి వాడు తనది మంచిదే గనక చెడు చేసేది ఇంకెవడిదో అనుకున్నాడు. అనుకుని, వెళ్ళి మా మరిదిని కొట్టాడు. నాకు వాళ్ళ మీద జాలి కలగలేదు. వాళ్ళ ఏడుపు చూస్తే ఒళ్ళు మండింది. బకెట్ ఎత్తుకుని ఆసుపత్రికి నడిచాను.

డాక్టరమ్మ బకెట్లోకి తొంగిచూసింది. తర్వాత ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ గ్రీన్ టీ సారం లివర్‌ని దెబ్బ తీస్తుంది, ఇంత చిక్కగా ఉంటే. ఈ పసుపు మాత్రలతో కూడా కొందరికి అయింది. కూరలో వేసే పసుపు వేరు, మాత్రలో కుక్కిన పసుపు వేరు. ఈ విటమిన్లు ఇంత మోతాదులో వేసుకుంటే కీమో చేసే పనికే అడ్డం రావచ్చు. ఈ పొట్లం ఏంటో దేవుడికే తెలియాలి."

"ఆ చుక్కలు?"

వెనక రాసింది చదివింది. "ఇందులో ఏముందో సగం రాయలేదు. ఏదీ నమ్మలేను."

"వీటిల్లో ఏది చేసిందమ్మా?"

"చెప్పలేను. మా మందు కూడా లివర్‌ని కొంత ఇబ్బంది పెడుతుంది. అందుకే పక్కన ఇంకేమీ ఉండకూడదంటాను. ఇంతమంది గుంపులో దోషి ఎవరో తెలీదు. తెలీనప్పుడు కళ్ళ ముందున్నదాన్నే ఆపుతాం. మంచి మందుని ఊరికే శిక్షించినట్టవుతుంది."

ఆవిడ మందు గురించే చెబుతోంది. నాకు కనబడింది మా మరిది.

"అన్నం తిననివ్వండి, పళ్ళు, గుడ్లు పెట్టండి. మిగతాది ఏదైనా సరే, ఆఖరికి దగ్గు మాత్రయినా, నోట్లో వేసుకునే ముందు నన్నడగండి. అడిగితే తిట్టను. అడక్కపోతే తిడతాను. తిడతాను."

*

అన్నీ ఆగిపోయాక లివర్ మెల్లగా దారికి వచ్చింది. కళ్ళలో పచ్చదనం విరిగింది. మొదటి వర్షం పడిన రోజున డాక్టరమ్మ, మోతాదు కొంచెం తగ్గించి, మళ్ళీ మందు ఎక్కించింది. మిగిలిన మందు రెండు రోజులపాటు చుక్కచుక్కగా ఎక్కడానికి చిన్న పంపు ఒకటి నడుముకి కట్టి పంపించింది.

"తమ్ముణ్ణి చూడాలి," అన్నాడు మా ఆయన.

కంటి వార్డు అదే ఆసుపత్రిలో పైఅంతస్తు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాం. వార్డు బయట బెంచీ మీద పుర్రచెయ్యి కూర్చుని ఉన్నాడు. రోజూ పని మానేసి వచ్చి అక్కడే కూర్చుంటాడట, లోపలికి మాత్రం వెళ్ళడట. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మా ఆయన వాడి ఎడమచెయ్యి వైపు చూసి, లోపలికి నడిచాడు.

మా మరిదికి రెండో ఆపరేషన్ ముందురోజే అయింది. ఎడమకన్ను తీసేశారు. కుడికన్ను కదిలితే గాయం కూడా కదులుతుందని రెండింటికీ కట్టు కట్టారు. అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"అన్నా? మందు ఎక్కిందా?"

"ఎక్కింది."

"అయితే సరే. చుక్కలు వేసిన మాట నిజమే అన్నా. నీకు చెప్పకుండా వెయ్యడం నా తప్పే. నీ లివర్ నా వల్లే పాడైందేమోనని..."

"నీ ఒక్కడిదే కాదురా. నాకు తెలుసు."

"ఇప్పుడు అందరికీ తెలుసుగా."

"నాకు తాగుతున్నప్పుడే తెలుసు." మా ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు, ఒక చేత్తో నడుముకున్న పంపు పట్టుకుని. "పొద్దున ఒక రుచి, సాయంత్రం ఒక రుచి. బీరువాగాడు అందిస్తే వగరు. పుర్రచెయ్యి అందిస్తే చేదు. నీది తీపి. నాలుక చచ్చిపోలేదుగా."



"నేనడిగితే నీళ్ళే అన్నారు," అన్నాను.

"చెప్తే ఆపించేసేదానివి."

"ఆపించెయ్యనా మరి?"

"ఇన్నింటిలో ఏదో ఒకటి పనిచేస్తుందేమో అనుకున్నాను." తల దించుకున్నాడు. "మూలనీ, సూత్రాన్నీ పక్కన పెట్టు. భయమేసిందే నాకు. చచ్చేంత భయమేసింది."

మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాట ఆయన నోట వినలేదు. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. మరుక్షణం మా మరిది మొహాన ఉన్న కట్టు కనబడింది. ఎడమవైపు దూది కింద ఏమీ లేదు, చదునుగా ఉంది. ఆ మధ్యాహ్నం నేను మంచం దగ్గర నిలబడి అడిగినప్పుడు ఈ మనిషి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే, గోడవైపు తిరక్కుండా ఉంటే, నేను షెడ్డులోకి వెళ్ళేదాన్నే కాదు.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తానని చెప్పను, లేచింది. రెక్సిన్ లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. శక్తికొద్దీ ఆయన చెంప మీద పడింది. స్టూలు కిర్రుమంది, పంపు గొట్టం ఊగింది. దెబ్బ తప్పించుకోవడమెలాగో పదిమందికి నేర్పి బతికిన మనిషి. రావడం చూశాడు. తల కదపలేదు.

మా మరిది కట్ల వెనక నుంచి గాలిలో చెయ్యి తడుముతున్నాడు.

"ఏమైంది? ఎవరిని కొట్టారు? ఎవరు?"

మా ఆయన ఆ చెయ్యి అందుకుని పట్టుకున్నాడు.

"మీ వదిన. నన్ను."

"తగిలిందా అన్నా?"

"తగిలిందిరా."